ఆమె నవలల్లో వాన

రాత్రి పదికి బీబీ రయ్యాకి ఇన్సులిన్ ఇచ్చి
కళ్లజోడు నేను పెట్టుకుంటాను.
ఆమె చూపు నీటికాసులు తీసుకుపోయాయి,
చదవడం ఇప్పుడు నా డ్యూటీలో భాగం.
మస్కట్ మత్రాలో, మూడో అంతస్తులో,
చేపలబజారు వాసన ఏసీని లెక్కచెయ్యని గదిలో
నూటనలభై ఏళ్ల కిందటి దొరసాని ఒకామె
నా గోదారి ఇంగ్లీషులో నోరు విప్పుతుంది.

లెటీషియా హార్కోంబ్.
అట్టమీద ఆ పేరుండదు,
‘ఒక కులీన స్త్రీ రచించినది’ అని ఉంటుంది, అంతే.
ఆమె జీవితచరిత్ర బీబీ పదకొండేళ్లుగా రాస్తోంది,
అరబ్బీలో.
ఇంకా పెళ్లిదాకా రాలేదు.

మొగుడు బొగ్గు ఏజెంటు.
పగలు స్టీమర్లకి బొగ్గు తూచి
సాయంత్రం బ్రాందీకి అప్పులు తూచేవాడు.
అవి తీర్చడానికి ఈవిడ నవలలు రాసింది,
బొగ్గు రసీదుల వెనకవైపు,
కాగితాన్ని తాకేలోపే పాళీలో సిరా ఎండిపోతుంటే
మాటకొకసారి ముంచి, ముంచి.
ఏడు నవలలు.
ఏడింట్లోనూ వాన.

నిజం. లెక్కపెట్టాను.
మొదటి పేజీలోనే బండిచక్రం బురదలో దిగబడుతుంది.
పెళ్లికూతురి మేలిముసుగు తడుస్తుంది.
వీలునామా చదువుతుంటే కిటికీరెక్క కొట్టుకుంటుంది.
చెడ్డవాడు కూడా చివరికి
గొడుగు మరిచిపోయే పట్టుబడతాడు.
అన్నీ ఇక్కడే రాసింది,
రాత్రి రెండింటికి కూడా చల్లారని ఈ రాళ్లకొండల కింద,
తడిపిన దుప్పటి కప్పుకుని
డాబామీద నిద్రపట్టక.

‘అబద్ధాలకోరు’ అని నవ్వుతుంది బీబీ.
నాకు నవ్వు రాదు.
రాజోలుకి ఫోన్ చేస్తే
మా అక్కని ఎలా ఉన్నావని అడక్కముందే
మబ్బేసిందా అని అడిగేదాన్ని నేను.

నిన్న, చెల్లెలికి రాసిన ఉత్తరాల కట్టలో:
‘ఆయా మంగళవారం పోయింది. కోకనాడ మనిషి.
మడతలు చక్కగా పెట్టేది.’
తర్వాతి పేరా కర్టెన్ గుడ్డ గురించి.
అచ్చు మసకగా ఉందని చెప్పి
ఆ రాత్రికి ఆపేశాను.

ఇవాళ ఏడో నవల, ముప్ఫై ఒకటో అధ్యాయం.
ఇంగ్లండులో ఎక్కడో ఒక బంగళా వంటిల్లు.
చూరుకింద అరచెయ్యి చాపి
పేరులేని పనిమనిషి ఒకతె ఏదో అంటుంది.
వి, ఏ, ఎన్, ఓ, సి, హెచ్, ఏ, వై.
అచ్చుతప్పు కావచ్చని ఎవరో పెన్సిల్‌తో రాశారు.
దానికింద బీబీ పెట్టిన ప్రశ్నార్థకం,
పదకొండేళ్ల నాటిది.

నా గొంతు ఆగింది.
‘ఏం సువార్తా, మళ్లీ మసకా?’
‘కాదు బీబీ. ఇది మా మాట.’

మంచంమీద లేచి కూర్చుంది.
చెప్పమంది. చెప్పాను.
అలా కాదు, మీ ఊళ్లో ఎలా అంటారో అలా, అంది.
మా ఊళ్లో దాన్ని కూర్చుని అనరు.
నేను లేచాను, కిటికీ తీశాను,
వేడిగాలి మొహాన కొట్టింది.
ఆరబెట్టిన వడియాల మీదికి పరిగెత్తే గొంతుతో
వీధంతా వినపడేట్టు అరిచాను:

వానొచ్చె!

కింద మంచుపెట్టెల బండి తోసుకెళ్తున్న బలూచీ కుర్రాడు
ఠక్కున ఆగి
ఆకాశంలోకి చూశాడు.