బిగువు వదిలి

విశాఖలో చలెక్కడిదని నవ్వకండి,
మార్గశిరంలో మా గోడలు చెమ్మగిల్లి
తాళంకప్ప కూడా నోరు విప్పదు.

జోడుగుళ్ళపాలెం ఎల్లాజీ చెప్పాడు:
"రీలుకి చలితో పేచీ లేదండి బాబూ,
ఉప్పుతోనే.
అది నిద్రపోదు."

అందుకే చెంబుతో మెల్లగా మంచినీళ్ళు పోశాను,
పంపు గట్టిగా తిప్పితే ఉప్పు లోపలికే పోతుందట.
పాత బనీనుతో తుడిచి
కుట్టుమిషను నూనె రెండు చుక్కలు.
మూడోది నా లుంగీ మీద.

డ్రాగ్ మర పూర్తిగా వదులు చేశాను.
బిగించి దాస్తే లోపలి వాషర్లు అణిగిపోయి
ఎండలొచ్చేసరికి పట్టు మరిచిపోతాయి.

గేలం కర్రని గోడకి జారేసి ఉంచలేదు,
వంగిన నడుము సంగతి నాకు తెలుసు.
అటక కింద రెండు మేకుల మీద పడుకోబెట్టాను.

పిడి దగ్గర ఒక పొలుసు,
యారాడ రాళ్ళ మీద చేతిలోంచి జారిపోయిన
పార చేపదే అయ్యుండాలి.
గోటితో గీకబోయి
ఆగాను.

గుమ్మంలోంచి అంతా చూస్తున్న సన్యాసమ్మ
కాలు చాపి కూర్చుంటూ అంది:
"నా మోకాలికీ రెండు చుక్కలు
ఎయ్యకూడదేటి?"