గాజు కొలత

హైమవతి సబ్బు రాసి తీసిచ్చిన
ఆకుపచ్చ మట్టిగాజు ఒకటి చొక్కా జేబులో వేసుకుని
సింధియా దగ్గర బస్సెక్కాను.
ఒళ్ళో తువాలు చుట్టిన కంప్యూటరు:
రబ్బరు మీటలు, రెండు వేళ్ళ మందం,
నలభై ఎనిమిది కేబీల జ్ఞాపకం.
ఇవాళ్టి ఫొటో ఒక్కటి పట్టదు దాని కడుపులో.

ఎనభై తొమ్మిదిలో పోర్టు గేటు బయట
పోలండు నావికుడొకడు అమ్మాడు నాకు.
మూడొందల యాభై, ఒక సీసా, రెండు కేజీల జీడిపప్పు.

షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో అప్పుడు
పగలంతా ఓడ కిటికీలు గీసేవాణ్ణి.
సున్నా సున్నాలాగే ఉండాలి,
గుడ్డయిందంటే సముద్రం లోపలికొస్తుంది
అనేవాడు మా ఫోర్‌మన్.
రాత్రి ఇంటికొచ్చి అదే సున్నా తెర మీద గీసేవాణ్ణి.
పద్నాలుగంగుళాల టీవీ, బరువంతా గాజే.
నమ్మకం లేక హైమ ఓ రోజు
చేతిగాజు తీసి తెరకి ఆనించింది.
టిక్ మంది.
ముప్ఫై ఏడు చుక్కల వ్యాసార్ధం దగ్గర
అచ్చుగుద్దినట్టు సరిపోయింది.
చేతి మీద నూగు లేచి నిలబడింది తెర వేడికి.

ఆ టీవీ మొన్న వానల్లో పోయింది.
ఉప్పుగాలికి లోపలంతా చిలుము.
పిక్చర్ ట్యూబులు ఇక రావండీ, అన్నాడు మెకానిక్కు,
నా వైపు కాకుండా
సముద్రం వైపు చూస్తూ.

డాబాగార్డెన్స్‌లో ఏసీ షాపు.
యాభై అయిదంగుళాల నల్లటి గోడ.
"ఏటి బాబూ ఇది, కాలిక్యులేటరా?"
అన్నాడు జోగినాయుడనే కుర్రాడు,
అంటూనే తీగలన్నీ తనే కలిపాడు పాపం.
తెర చాలాసేపు ఆలోచించింది.
సిగ్నల్ లేదంది, ఉందంది.
వచ్చిన సున్నా అటూ ఇటూ సాగిపోయి
బాతుగుడ్డు.
"పెద్దగా అవుపడతంది కదేటి?"
గాజు తీసి పెట్టి చూపించాను.
పాపం రిమోటుతో ఎంతో లోతుకి దిగి
పక్కల రెండు నల్ల తెరలు దింపాడు.
సున్నా గుండ్రమైంది కానీ అంచులు గంజిలో నానినట్టున్నాయి.
మీట నొక్కితే జవాబు
ట్రంకాల్‌లో గొంతులా ఆగి వచ్చింది.

పక్క షాపులో ఆటల మానిటరు
అసలు మొహమే చూపించలేదు.
సెకనుకి యాభై బొమ్మలు చాలవట దానికి,
నూట నలభై నాలుగు కావాలట.
నాకెందుకో అన్నం తినని పిల్లాడు గుర్తొచ్చాడు.

టీ తాగి, తువాలు మళ్ళీ చుట్టుకుని
పూర్ణామార్కెట్ వెనక కాంతమ్మ పాతసామాన్ల కొట్టుకి నడిచాను.
రాగితీగల చుట్టల మధ్య
పలకలాంటి తెర ఒకటి, నలుచదరానికి కాస్త వెడల్పు.
సీసీ కెమెరాలకి వాడినది, ఎనిమిదొందలు.
ఆపేసినా మూల మీద మచ్చలా కనపడుతుంది: గేట్ 3.
"సేపల రేవు గేటుకాడ
ఎనిమిదేళ్ళు కన్నార్పకుండా సూసింది బాబూ,
నీ సున్నా సూడలేదా?"

చూసింది.
ఇంట్లో స్టూలు మీద పెట్టి
పసుపు తీగ గుచ్చగానే వచ్చేసింది,
నీళ్ళు కలపని పాలలాంటి తెలుపు.
మీటలు కలిపి నొక్కాను, మాట మొత్తం పడింది,
అంకెలు మాత్రం ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయాను.
గాజు ఆనించాను. టిక్ మనలేదు.
ఈ తెర గాజు కాదు.
మెత్తగా లోపలికి పోయి,
చిన్న రంగుల అల లేచి సర్దుకుంది.
పైన ఒక్క చుక్క తేడా.
ఫోర్‌మన్ ఒప్పుకునేవాడు కాదు,
నేను ఒప్పుకున్నాను.

"ముప్ఫై ఏడు కదూ?" అంది హైమ వెనక నుంచి.
ఇన్నేళ్ళూ ఆ అంకె ఎక్కడ దాచిందో.
"ఇప్పుడు ముప్ఫై రెండే. చుక్కలు లావెక్కాయి."
"అన్నీ ఎక్కుతాయి," అని
గాజు లాక్కుని
సబ్బు కోసం పెరట్లోకెళ్ళింది.