దాత పేరు

మా దీవికి స్వామి ఏడాదికి మూడుసార్లొస్తాడు,
లాంచీ దిగేసరికి మొహం పాలిపోయి, బూట్లనిండా నీళ్లు.
మిగతా ఆదివారాలు ఉపదేశి బెనిగ్నో జపమాల చెప్పిస్తాడు,
నేను లెక్క రాస్తాను.
చిలోయేలో వానకి సెలవు లేదు.

ఆ ఏడు పునీత అంతోనివారి ఎడమ భుజం మీద
కప్పు కారడం మొదలుపెట్టింది.
కింద పాలబకెట్టు పెట్టాం.
వందనమమ్మా అనేలోపు ఒక చుక్క,
ఆమెన్ అనేలోపు ఇంకోటి.
పిల్లలు చుక్కతో పోటీపడి ప్రార్థనని పరుగెత్తిస్తుంటే
బెనిగ్నో కళ్లు తెరవకుండానే దగ్గేవాడు.

మూడువందల నలభై చెక్కపెంకులు కావాలన్నారు వడ్రంగులు.
ఇంటికిన్నని ఎవరూ వంతులు వెయ్యలేదు.
నా పుస్తకం తెరిస్తే మీకే తెలుస్తుంది:
హెర్మెలిండా చిగ్వాయ్, ఊదా బంగాళాదుంపలు, ఒక బస్తా.
అమ్మి మేకులు కొన్నాం.
నహుయెల్కిన్ అన్నదమ్ములు, అరవై పెంకులు.
ఇద్దరికీ మాటల్లేవు గనుక
ముప్ఫై ఒక పడవలో, ముప్ఫై ఇంకో పడవలో.
బడిపిల్లాడు తితో, వంద పెసోల బిళ్ల.
సగం తిరిగిమ్మన్నాడు, ఇచ్చాను.
బార్బరీనా ముసలమ్మ, ఉన్నిమేజోళ్లు ఒక జత,
కప్పెక్కేవాడి కాళ్లు జారకుండా అట.
ఉన్నితో ఇంకా జారతాయని ఎవరు చెప్తారు ఆమెకి!

పేర్లన్నీ కూడితే రెండువందల ఎనభైతొమ్మిది.
గంటస్తంభం వెనక కుప్ప లెక్కపెడితే
మూడువందల నలభై.
మూడుసార్లు లెక్కపెట్టాను, చేతివేళ్లు తిమ్మిరెక్కేదాకా.

ఆ యాభై ఒకటీ పాతవి.
తారుతాడుతో కట్టి, పడవవాళ్లు వేసే ముడి వేసి ఉన్నాయి.
ఒక పక్క బూడిద రంగు,
రెండోపక్క తిప్పితే అంచుల్లో పసుపు పెయింటు.

మా దీవిలో పసుపు ఇల్లు ఒక్కటే.
ఎలియుతేరియోది.
కొడుకు రోసమెల్ పడవ, రోసమెల్ లేకుండా
ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాటినుంచి
అతను గుడి గడప తొక్కలేదు.
దారిన పోతూ టోపీ కూడా తియ్యడు.
సరిగ్గా ఎన్ని తక్కువో అతనికెలా తెలిసిందని
రాత్రంతా ఆలోచించాను.
గుడిని బయటినుంచే చూసేవాడికి
కప్పు కాక ఇంకేం కనిపిస్తుంది?

మర్నాడు నలుగురం పలకలు పట్టుకుని వెళ్లాం.
సముద్రం వైపు గోడలో నిలువెత్తు నల్లటి ఖాళీ.
లోపల మంచం, దాని కింద రబ్బరు బూట్లు.
తడవడానికి ఆ గదిలో పడుకునేవాళ్లెవరూ లేరు.
మాకు టీ పోశాడు.
చక్కెర తనే కలిపాడు, ఎక్కువైంది.
పలకలవైపు చూడలేదు.
"ఆ గదికి కాస్త గాలి ఆడనీయండి," అన్నాడు.
తాగేసి వచ్చేశాం, పలకలు మోసుకుని.

పెంకులు ఎక్కించేవాళ్లకి రంగు పక్క లోపలికి పెట్టాలని
నేను చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.
ఇప్పుడు బూడిదరంగు కప్పు మీద
అంతోనివారి నెత్తికి సరిగ్గా పైన
చేతిరుమాలంత పసుపు.
పొగమంచు విడిచే పూట
పడవలు దాన్ని చూసుకునే మలుపు తిరుగుతున్నాయి.

మార్చిలో స్వామి వచ్చి పుస్తకం చూశాడు.
యాభై ఒకటి, దాత పేరు: గాలి.
ఏమిటిదన్నట్టు నావైపు చూసి,
కిటికీలోంచి ఆ గట్టుమీది ఇంటివైపు చూసి,
బూట్లు విప్పి నీళ్లు వంచుకుని
సంతకం చేశాడు.

భుజం మీద కారడం ఆగింది.
ఇప్పుడు పాటలు పాడేవాళ్ల బల్ల దగ్గర కారుతోంది.
బకెట్టు అక్కడికి జరిపాం.