నడిమి క్యాసెట్

దేవరకొండ బస్టాండు ఎనక
జానీమియా రిపేరు డబ్బాల
మూడు నెలలు బేరం జేస్తే దొరికిందది.
చూస్తే ఏం లేదు,
అరచెయ్యంత బూడిదరంగు క్యాసెట్.
నెత్తిన మాత్రం ఒక సందు.
ఆ సందుల చిన్న క్యాసెట్ దోపాలె,
పెద్దదాన్ని టీవీ కింది మిషిన్ల దోపాలె.
"ఉర్సుల పోరన్ని భుజాల మీద ఎక్కిచ్చుకుంటం జూడు,
గంతే తమ్మీ" అన్నడు జానీమియా
నా రెండు వందల నలభై లెక్కవెట్టుకుంట.

అంతకుముందు సంగతి చెప్పాలె.

మా ముత్యాలు బావ మెడ వంగదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు
పాలపండ్లు ఊడకముందే ఎముకల్ల కూసున్నయ్.
ఆకాశం చూడలేడు, అన్నం పళ్లెం చూడలేడు,
ఎదురుంగ ఉన్నదే ఆయన లోకం.
ఒళ్లె పెట్టుకొని ఆడే ఆట
ఆయనను అడిగి చేసింది కాదు.

అందుకని నేను పట్టుకునేటోన్ని,
మంగలి అద్దం పట్టినట్టు
బావ ముఖం ముందల.
బరువు నాది, బొటనవేళ్లు ఆయనవి.
నాకు కనబడేది ఆట వీపు:
మూత పోయిన బ్యాటరీల అర,
దానికి చుట్టిన రబ్బరుబ్యాండు.
ఇగ ఆట అంటవా,
బావ ముఖంల చూసేటోన్ని.
కుడి కనుబొమ్మ లేస్తే గుంత దుంకినట్టు.
పెదవి కొరికితే రాక్షసుడు వచ్చినట్టు.
గార పట్టిన పండ్లు కనబడంగ "సచ్చిన" అని నవ్వితే
నేను చేతులు దించి దులుపుకునేటోన్ని.
రెండేండ్లు.

టీవీల బొమ్మ వచ్చిన రోజు
బావ ఏం మాట్లాడలే.
బూడిద తప్ప రంగెరుగని మనిషికి
ఎర్రంగి వచ్చింది.
ఒక్కొక్క చుక్క జొన్నగింజంతయింది.
చుట్టూ పటం కట్టినట్టు అంచు.
అత్తమ్మ చాట పక్కకు పెట్టి
"గీ బుడ్డోని కోసమేనారా ఇన్నొద్దులు" అన్నది.

మొదటిసారి బావ పక్కన కూసున్న.
అంతా తెలిసిన ఆటే, ఏదీ చూడని ఆట.
ఆ గుంత గింతేనా అనిపించింది,
బావ ముఖంల ఇంకా లోతుండె.
చేతులకు పనిలేక
చాప పుల్లలు పీక్కుంట కూసున్న.
చెప్తే సిగ్గు, జర కోపమొచ్చింది
ఆ బూడిదరంగు ముక్క మీద.

ఏడున్నరకు కరెంటు పోయింది.
తడుముకుంట పోయి
పెద్దదాని నెత్తినుంచి చిన్నదాన్ని గుంజిన.
పొదిగే కోడి కిందికెళ్లి తీసిన గుడ్డు లెక్క
ఎచ్చగున్నది.

"ఆడిన కాడికి ఉంటదారా?"
"ఉంటది బావా. యాదికి పెట్టుకునేది చిన్నదే.
పెద్దది ఉత్త మోసేది."

చీకట్ల బావ జరసేపు సప్పుడు చెయ్యలే.
"అయితే పట్టుకో" అన్నడు.

అత్తమ్మ బావ భుజం మీదికెళ్లి టార్చి కొట్టింది.
ఆ ఎలుతురు ఆట అద్దానికి తాకి
బావ ముఖానికి మళ్లింది.
రెండు చేతులు లేపిన.

కుడి కనుబొమ్మ లేచింది.