సుత్తి చప్పుడు

బేసిన్ బ్రిడ్జి యార్డులో ముప్ఫయ్యొక్కేళ్ళు
రైలు చక్రాల మీద సుత్తితో కొట్టి
చెవి ఒగ్గి విన్నాడు ఆలూరు పెంచలయ్య.
గంటలా మోగితే బండి కదలొచ్చు.
బొంగురుగా పలికితే
లోపలెక్కడో వెంట్రుకవాసి పగులు.

సాయంత్రాలు పుస్తకాలు చదివేవాడు.
అదే చెవితో.

నా మొదటి పుస్తకం టీనగర్‌లో ఓ మేడమీది హాల్లో
శాలువాల మధ్య పుట్టింది.
మాట్లాడిన అయిదుగురూ "అపురూపం" అన్నారు.
అయిదు కాపీల్లోనూ పేజీలు
ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.
మైకు దొరికితే మేం వేసే సుత్తి వేరు లెండి.

మూడు నెలలకి, ఎవరూ కొనని ఓ చిన్న పత్రికలో
పెంచలయ్య రాసింది ఒకటిన్నర పేజీ:
"ఈ పుస్తకంలో పదిహేడు చోట్ల వెన్నెల కాసింది.
ఒక్కచోటా కరెంటు పోలేదు.
అందుకని ఆ వెన్నెల నాకు కనిపించలేదు.
నలభై మూడో పేజీలో మాత్రం
వాళ్ళమ్మ చీర కొంగుతో
తడిసిన రేషన్ కార్డు తుడుస్తుంది.
అక్కడ ఆగాను.
దిగాల్సిన స్టేషను దాటిపోయింది."

దెబ్బలాడదామనే పెరంబూరు వెళ్ళాను.

మెట్ల కింద గది. మీగడ కట్టిన కాఫీ.
బల్ల మీద నా పుస్తకం, వీపు విరిగి,
మార్జిన్ల నిండా పెన్సిలు చుక్కలు
చీమలు బారు కట్టినట్టు.
"మెత్తటి పెన్సిలే, రబ్బరుతో పోతాయి" అన్నాడు
నా చూపు చూసి.
మూడుసార్లు చదివాడట.
నేను ఒక్కసారి, అదీ అచ్చుతప్పుల కోసం.

అయినా అడిగాను:
"బాగుందని రాస్తే మీ సొమ్మేం పోయిందండీ?"
కుర్చీ మీది పుస్తకాలు కిందికి దించుతూ అన్నాడు:
"బండి ఎక్కేవాళ్ళుంటారు గదబ్బయా."

ఇప్పుడాయన కళ్ళకి అక్షరాలు ఆనవు.
ఆదివారాలు నేనే వెళ్ళి
కొత్తగా వచ్చినవి చదివి పెడుతున్నాను.
కుర్చీ చేతిని వేలితో కొడుతూ వింటాడు.

ఇవాళ, రాసిందెవరో చెప్పకుండా,
నా రెండో పుస్తకం రాతప్రతి తీశాను.
నాలుగో కాగితం. కిటికీ అవతల
ఆవడి లోకల్ వెళ్ళిపోయింది.
వేలు ఆగింది.

"మళ్ళీ చదువు."

మోగిందో, బొంగురు పోయిందో చెప్పలేదు.
కాగితం మీద వేలు పెట్టుకుని
వెనక్కి నడిచాను
ఆ చక్రం దగ్గరికి.