బకెట్లో కొమ్మ

కోబులేటిలో మా పెరడు నాలుగంగలు.
కిటికీ కింద ఒకే ఒక్క ఫెయిజోవా పొద.
జామకి దూరపు చుట్టమని నర్సరీవాడు చెప్పాడు.
జామని నేనెప్పుడూ చూడలేదు,
చుట్టరికం మాత్రం నమ్మాను.

నల్లసముద్రం వానని మోసుకొచ్చి కుమ్మరించినా,
మంచు తడిబట్టలా మీద పడి రెండు రెమ్మలు విరిచినా
ఆకు రాల్చలేదు.
పైన పచ్చ, అడుగున బూడిద:
గాలి తిరగేసినప్పుడల్లా
లోపలి గుడ్డ బయటపడే పాత కోటు.

ఏటా జూన్లో పూసేది.
దళసరి రేకులు, అగ్గిపుల్లల కట్టలా ఎర్రటి కేసరాలు.
రేకు తుంచి నాలిక మీద వేసుకుంటే తీపి.
ఏడేళ్లు ఆ రేకులే తిన్నాను.
కాయ మాత్రం, ఒట్టు, ఒక్కటి లేదు.

మట్టి మంచిది కాదన్నారొకరు. దిష్టన్నారొకరు.
మా బావ తెంగిజ్ గొడ్డలి అరువిస్తానన్నాడు.
మందుల షాపు జుజునా
చిల్లర లెక్కపెడుతూ తలెత్తకుండానే అంది:
"నీ చెట్టుకి రోగం లేదు. తోడు లేదు."

రెండో పొదకి చోటెక్కడ?
బట్టలారేసే తీగ పీకెయ్యాలి.
ఆ ఆదివారం తనే వచ్చింది
మినీబస్సులో, ఒళ్లో పూలకొమ్మతో,
కొమ్మకీ టికెట్ కొట్టారని తిట్టుకుంటూ.
సున్నం బకెట్లో నీళ్లు పోసి, కొమ్మని నిలబెట్టి,
నా పొద పక్కకి జరిపి,
"ఇక పిట్టల ఇష్టం" అని కాఫీ అడిగింది.

ఆ ఏడాది పదకొండు కాయలు.
లెక్కపెట్టాను గనకే చెబుతున్నా.

అలా ఐదు జూన్లు.
తర్వాత వాళ్ల వీధిలోకి హోటల్ వచ్చింది.
కంచె పొడవునా వాళ్ల నాన్న నాటిన పొదలు
ఒక్క పూటలో లారీ ఎక్కాయి.
ఓదార్చే మాట దొరకలేదు నాకు.
నిజం చెప్పాలంటే, అటు వెళ్లనే లేదు.

మార్చిలో ఆమే వచ్చింది.
తడి న్యూస్‌పేపర్లో వేలెడు పుల్లలు మూడు,
గడ్డం గీసుకునే బ్లేడు, సైకిల్ ట్యూబు ముక్క.
నా పొదకి గాటు పెట్టి, అంటు కట్టి,
ముడిని పళ్లతో బిగించింది.
రెండు ఎండిపోయాయి.

మూడోది ఈ ఏడాది కాసింది.

ఈ పండు రంగు మారదు.
కాయగా ఉన్నా పచ్చే, పండినా పచ్చే.
చూపుకి అందదు; రాలేదాకా ఆగాలి.
నవంబర్ రాత్రి, కోళ్లగూటి రేకు మీద
ఠప్పుమని చప్పుడు.
లేచి కూర్చున్నాను.
నా కొమ్మదో, జుజునా కొమ్మదో.
లైటు వెయ్యలేదు.
కాసేపటికి ఇంకోటి.