వాపసు కంత

సార్జెంట్ అవెన్యూలో ఆ గది ఇప్పుడు లాండ్రీ.
హారర్ సినిమాల అర ఉండిన చోట
నాలుగో నంబరు డ్రయ్యర్ తిరుగుతోంది.
దాని ముందు కుర్చీ లాక్కుని
గుండ్రటి అద్దం వెనక నా చొక్కాలు
ఎగిరి పడటం చూస్తుంటాను.
కథ తెలిసిందే.
అయినా చూపు తిప్పుకోలేను.

తొమ్మిదేళ్ళు ఇక్కడే, కౌంటరు వెనక నిలబడ్డాను.
విన్నిపెగ్ జనవరి, బయట మైనస్ ముప్పై.
శుక్రవారం సాయంత్రం తలుపు తెరిచినప్పుడల్లా
మనిషికంటే ముందు ఊపిరి
తెల్లగా లోపలికొచ్చేది.
బూట్ల మంచు కరిగి కామెడీల దగ్గర మడుగు కట్టేది.
కొత్త సినిమాకి మూడే కాపీలు.
నాలుగోవాడికి ఏం చెప్పాలో
అదీ నా ఉద్యోగం.
"ఇది పట్టుకెళ్ళండి, ఏడిపిస్తుంది,
కానీ మీరనుకున్న చోట కాదు."

కంప్యూటరున్నా మా యజమాని ఒరెస్ట్ పాలమార్చుక్
ఆలస్యపు బాకీలు పచ్చట్ట పుస్తకంలోనే రాసేవాడు.
ఎంతో ఒక్కటే కాదు, ఎందుకో కూడా.
కూతురికి జ్వరం.
కారు కదల్లేదు.
మూడుసార్లు చూశాడట, సగం మాఫీ.
థోర్లాక్సన్ గారి పేరు పక్కన ఒకటే మాట: భర్త.
ఎదురుగా సున్నా.

వెనక గోడ నిండా పాటల సీడీలు.
హెడ్‌ఫోన్ తగిలించుకుని నిలబడే చోట
లినోలియం అరిగి రెండు పాదాలంత మచ్చ.
బడి వదలగానే ఒక పిల్లాడు ఆ మచ్చ మీదికొచ్చేవాడు,
రోజూ అదే ఆల్బం, అదే ఆరో పాట.
నాలుగు నెలలకి చిల్లరంతా కౌంటరు మీద కుప్ప పోసి కొనుక్కున్నాడు.
బిల్లు కూడా మడిచి దాచుకున్నాడు.
మరుసటి చలికాలం వాడు రాలేదు.
గోడ గోడంతా వాడి జేబులోకెళ్ళిపోయింది.

ఎవరూ వచ్చి మా కొట్టు మూయించలేదు.
రావడం మానేశారు, అంతే.
మానేస్తున్నామని చెప్పడానికైనా
ఎవరో ఒకరు రావాలి కదా.
నిజం చెప్పొద్దూ, నేనూ అంతే.
రాత్రి పడక మీద ల్యాప్‌టాప్‌లో సినిమా చూసి
పొద్దున్నే ఇక్కడికొచ్చి
సినిమాలు అద్దెకిచ్చేవాణ్ణి.
ఒరెస్ట్‌కి తెలుసు.
నా కళ్ళ ఎరుపు చూసి కాఫీ పోసేవాడు.

ఇప్పుడు అడిగిందల్లా ఉంది.
నలభై నిమిషాలు వెతుకుతాను, నిద్రొచ్చేస్తుంది.
ఇది మీకు నచ్చుతుంది, అంటుంది తెర.
నచ్చుతుంది కూడా, ఏం లాభం,
దానితో వాదించే వీల్లేదు.

లాండ్రీ నడిపే మరివిక్ దుమ్లావ్
అరలు పీకించింది, కార్పెట్టు పారేసింది,
గోడలో వాపసు కంతని మాత్రం అలాగే వదిలేసింది.
పూడ్చడానికి మేస్త్రీ రెండొందల డాలర్లు అడిగాడట.
ఏడాదికి ఒకటో రెండో
ఇప్పటికీ పడుతూనే ఉంటాయి అందులోంచి.
ఇళ్ళు మారేవాళ్ళవి,
పోయినవాళ్ళ అలమరాలు సర్దేవాళ్ళవి.
సబ్బుపొడి డబ్బాల పక్కన పేర్చింది,
పదకొండు.
"ఇవి దొంగసొత్తా?" అనడిగింది ఒకసారి.
కాదన్నాను.
తర్వాత చాలాసేపు ఆలోచించాను.

ఈ పొద్దున పన్నెండోది పడింది.
రబ్బరు బ్యాండు, దాని కింద కాగితం,
కాగితం మడతలో ఇరవై డాలర్ల నోటు.
*ఆలస్యానికి మన్నించండి. రివైండ్ చేశాను.*
పేరు లేదు.
చేతి అలవాటు పోలేదు,
మూత ఎత్తి చూశాను.
టేపంతా ఎడమవైపు చుట్టకే ఉంది.
అంటే ఈ ఊళ్ళో ఎక్కడో
ఒక వీసీఆర్ ఇంకా పనిచేస్తోంది,
దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎవరో
ఆ కిర్రుమనే చప్పుడు ఆగేదాకా ఉన్నారు.

పచ్చట్ట పుస్తకం ఏమైందో తెలీదు.
లాండ్రీ రసీదు వెనక తేదీ వేసి
ఎందుకు, అన్నచోట
కాసేపు పెన్ను పట్టుకు కూర్చున్నాను.

మరివిక్ ఆ నోటుకి డాలరు బిళ్ళలిచ్చింది.
రెండో నంబరులో ఎవరివో దుప్పట్లు,
తడిగానే మిషన్ ఆగిపోయింది.
మనిషి చూడబోతే లేడు.
రెండు బిళ్ళలు వేశాను.